సీక్వెల్ ఎక్కడ తగ్గిందో చెప్పారు, ఇక ఒక గది కట్టండి

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములంటే ప్రాణం. డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్‌నీ, దాని సీక్వెల్ డ్రాగన్ ఏజ్ 2నీ పక్కపక్కన పెట్టి 30 పేజీల పోలిక రాశాను. మొదటిది ఎంత గొప్పదో, రెండోదాన్ని ఎలా పాడుచేశారో అందులో వివరంగా ఉంది. చదివిన ఫ్రెండ్స్ అంతా గేమ్ డిజైనర్‌వి అయిపో అంటున్నారు. నాన్న మాత్రం ఆడుకోవడం ఉద్యోగం ఎలా అవుతుంది అంటున్నారు. ఈ పోలిక చూపిస్తే గేమ్ కంపెనీలో అవకాశం వస్తుందా? ఫైల్ పంపుతున్నాను.

జవాబు: ఈ 30 పేజీలు ఇలాగే పంపితే రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది టెన్షన్ లేకుండా చదువుతారని చెప్పేశాను. ఫైల్ మొత్తం చదివాను. రెండు ఆటలూ నేనూ ఆడినవే కాబట్టి కొన్నిచోట్ల నవ్వుకున్నాను, కొన్నిచోట్ల మీతో గొడవ పెట్టుకోవాలనిపించింది. ఎక్కడ బాగోలేదో పట్టుకునే కన్ను మీకుంది. అయితే అది ఇప్పటికి సమీక్ష రాసేవాడి కన్ను. డిజైనర్ కూడా అదే లోపం చూస్తాడు, కానీ చూశాక వేసుకునే ప్రశ్న వేరు.

మీ ఫైల్‌లో 'బద్ధకం' అనే మాట 14 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అన్నిటికంటే ఎక్కువగా గుహల దగ్గర. నిజమే, డ్రాగన్ ఏజ్ 2లో అదే గుహ, అదే గోదాము, అదే భవంతి తిరిగి తిరిగి వస్తాయి. మినీమ్యాప్‌లో దారి కనిపిస్తుంది, తీరా వెళితే అక్కడ రాతి పలక అడ్డంగా ఉంటుంది. నాలుగోసారి అదే గుహలోకి దిగినప్పుడు నాకూ విసుగొచ్చింది. కానీ బద్ధకం అని రాసేసరికి మీ ఆలోచన అక్కడే ఆగిపోయింది. క్యాలెండర్ తీసి చూడండి. ఆరిజిన్స్ సంగతి ఈ ఆటలు చేసిన స్టూడియో బయోవేర్ 2004లోనే ప్రకటించింది, ఆట వచ్చింది 2009 నవంబర్‌లో. సీక్వెల్ 2011 మార్చిలో వచ్చేసింది. అంటే రెండు విడుదలల మధ్య 16 నెలలు. ఆ మధ్యలోనే, 2010 మార్చిలో, ఆరిజిన్స్‌కి అవేకెనింగ్ అనే పెద్ద అదనపు భాగం కూడా వచ్చింది. ఒకదానికి ఐదేళ్లకు పైగా, ఇంకోదానికి ఏడాదిన్నర కూడా లేదు. ఈ రెండు తేదీలు మీ 30 పేజీల్లో ఎక్కడా లేవు. సమీక్షల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీ వెర్షన్లకు వందకు 91, 82 వచ్చాయన్న సంగతి మాత్రం మొదటి పేజీలోనే బోల్డ్‌లో ఉంది.

టైమ్ లేదు కాబట్టి క్షమించెయ్యమని నేననడం లేదు. డబ్బు పెట్టి కొన్న ఆటగాడికి స్టూడియో క్యాలెండర్‌తో పని లేదు, తిట్టుకునే హక్కు అతనికుంది. మీరు ఇప్పుడు బల్లకు అవతలి పక్కకు వెళతానంటున్నారు. ఆ పక్కన కూర్చునేవాడు, చేతిలో ఉన్నది ఇంతే అయితే దేన్ని వదులుకున్నారు, దేన్ని కాపాడుకున్నారు అని అడుగుతాడు. ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఇలాంటి గడువు కింద నలిగినవాడే అయి ఉండొచ్చు. అతని ముందు 'బద్ధకం' అన్నారా, అయిపోయింది.

ఆ ప్రశ్నతో డ్రాగన్ ఏజ్ 2ని మళ్లీ చూడండి, వేరే ఆటలా కనిపిస్తుంది. ఆరిజిన్స్‌లో ఫెరెల్డెన్ దేశమంతా తిరుగుతాం: అడవి, మరుగుజ్జుల పాతాళ నగరం, మాంత్రికుల గోపురం, రాజధాని. ప్రతి చోటుకూ కొత్త గోడలు, కొత్త చెట్లు, కొత్త వెలుతురు కావాలి, అవి తయారు చేసే ఆర్టిస్టులు కావాలి. సీక్వెల్‌లో దేశాన్ని పక్కన పెట్టి కథలో ఎక్కువ భాగాన్ని కర్క్‌వాల్ అనే ఒకే నగరానికి, దాని చుట్టుపక్కలకు కట్టేశారు. బదులుగా కాలాన్ని సాగదీశారు. మూడు అంకాలు, మధ్యలో ఏళ్లు దాటిపోతాయి. ఆ దూకుళ్లు ఎబ్బెట్టుగా అనిపించకుండా వారిక్ అనే పాత్ర జరిగిన కథను ఇంకొకరికి చెబుతున్నట్టు పెట్టారు. చెప్పేవాడు 'మూడేళ్లు గడిచాయి' అంటే మనం ఒప్పుకుంటాం. వాడు కాస్త కోతలరాయుడు కూడా. ఆట మొదట్లోనే హీరోని అతిగా పొగిడి దొరికిపోతాడు. ఇది తెలివైన పని. కొత్త ప్రదేశాలు కట్టే తాహతు లేనప్పుడు ఉన్న ప్రదేశానికే వయసు తెద్దామనుకున్నారు. దెబ్బ తగిలింది తర్వాతి మెట్టులో. ఏళ్లు గడిచినా నగరం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మీరు 'నగరం బోర్' అని ఒక లైన్ రాసి వదిలేసిన చోట నిజానికి మూడు పేజీల సరుకుంది. ఆలోచన ఎక్కడివరకు పనిచేసింది, ఎక్కడ డబ్బూ సమయమూ అయిపోయాయి, రెండో అంకంలో ఏ నాలుగు వస్తువులు మార్చి ఉంటే నగరం మారినట్టు అనిపించేది? అలా రాసి ఉంటే మీ ఫైల్ ఇంకో ఇద్దరికి ఫార్వర్డ్ చేసేవాణ్ణి.

ఆరిజిన్స్ విషయంలో మీది ఉత్త భక్తి. హీరోగా ఎవరిని ఎంచుకుంటామన్నదాన్ని బట్టి ఆరు మొదళ్లున్నాయి, అదే స్వేచ్ఛ అన్నారు. అవును, మానవ కులీనుడు, నగరపు ఎల్ఫ్, అడవి ఎల్ఫ్, మాంత్రికుడు, మరుగుజ్జు రాకుమారుడు, మరుగుజ్జు సామాన్యుడు, ఒక్కొక్కరికీ విడి ప్రారంభ కథ ఉంది. నాకు ఆ సామాన్యుడి మొదలంటే ఇప్పటికీ ఇష్టం. కానీ లెక్క చూడండి. ఒక్కసారి ఆడి వదిలేసేవాడు ఆరింట్లో ఒకటే చూస్తాడు. మిగతా ఐదూ అతనికి లేనట్టే, కట్టినవాళ్లకు మాత్రం ఖర్చు ఆరింటికీ పడింది. ఆరు దారులూ చివరికి ఆస్టగార్ అనే పాత కోట దగ్గర కలిసిపోతాయి కాబట్టి ఆ ఖర్చుకు ఒక హద్దు ఉంది. ఎక్కడ కొమ్మలు వేయాలి, ఎక్కడ మళ్లీ కాండంలో కలపాలి అన్న నిర్ణయం కథారచయిత ఒక్కడిదే కాదు, ప్రొడ్యూసర్‌ది కూడా.

గొంతు విషయంలో మీ వాదన ఇది: హీరోకి గొంతు పెట్టారు, అందువల్ల ఎల్ఫ్‌గా, మరుగుజ్జుగా ఆడే వీలు పోయింది. సగమే ఒప్పుకుంటాను. ఆరిజిన్స్‌లో మన పాత్ర మూగ, మాటలు తెరమీద అక్షరాలే. కాబట్టి ఒక జవాబుకు ఆరు రకాలు రాసినా పెద్ద ఖర్చు లేదు. సీక్వెల్‌లో మన పాత్ర హాక్ మాట్లాడతాడు, ఆడపాత్రగా ఎంచుకుంటే మాట్లాడుతుంది, అంటే ప్రతి జవాబూ రెండుసార్లు రికార్డు చేయాలి. జవాబు ఎంచుకోవడానికి తెరమీద వచ్చే చక్రంలో కనిపించేది మూడు ముక్కల సారాంశం, పక్కన అది మెత్తని మాటా, వెటకారమా, కోపమా చెప్పే గుర్తు. ఇక్కడిదాకా మీరు చెప్పింది సరిపోతుంది. కానీ 2014లో వచ్చిన మూడో ఆట ఇంక్విజిషన్‌లో హీరో మాట్లాడతాడు, జాతీ ఎంచుకోవచ్చు, ఆడకు రెండు, మగకు రెండు గొంతులు కూడా ఉన్నాయి. కాబట్టి గొంతుకూ జాతికీ పుట్టుకతో వచ్చిన వైరం ఏమీ లేదు. రెండు ఆటల్నే పోల్చినప్పుడు వచ్చే చిక్కు ఇది. మారిన ప్రతి విషయం ఇంకోదానికి కారణంలా కనిపిస్తుంది. మూడోదాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఏది కారణమో, ఏది పక్కన ఊరికే నిలబడిందో తెలుస్తుంది.

ఇంకోచోట మీరు సీక్వెల్‌కి అన్యాయం చేశారు. ఆరిజిన్స్‌లో తోటివాళ్ల మనసు ఒక అంకె. నచ్చే మాట అంటే పెరుగుతుంది, నచ్చకపోతే తగ్గుతుంది, మరీ తగ్గితే కొందరు వెళ్లిపోతారు కూడా. తగ్గినదాన్ని బహుమతులిచ్చి పెంచుకోవచ్చు. దాంతో ఆటగాళ్లు ఏం చేస్తారంటే, తమకు తోచింది కాకుండా పక్కవాడికి నచ్చింది అంటారు. నేనూ అలాగే చేశాను, సిగ్గులేకుండా. డ్రాగన్ ఏజ్ 2లో స్నేహానికి అటు చివర పోటీతత్వం పెట్టారు. నిలకడగా విభేదిస్తూ వచ్చినా బంధం ముదురుతుంది, దానికీ ఆటలో లాభం ఉంది. అంటే ఒప్పుకోకపోవడం శిక్ష కాకుండా పోయింది. నా దృష్టిలో ఇది మొదటి ఆట కంటే స్పష్టంగా మెరుగు. మీ 30 పేజీల్లో దీనికి దక్కింది రెండు లైన్లు. ఇష్టం లేని ఆటలో మంచి పనిని పట్టుకోగలగడం ఈ వృత్తిలో రోజూ కావాల్సిన గుణం. ఉద్యోగంలో చేరాక మీరు పనిచేయబోయేవి ఎక్కువగా మీకు ఇష్టం లేని ఆటలే.

ఇప్పుడు మీ అసలు బలం. పోరాటాల మీద రాసిన 11 పేజీలు ఒక పట్టున చదివించాయి. ఆరిజిన్స్‌లో పీసీ మీద కెమెరాను పైకి లాగి మైదానమంతా చూడొచ్చు. కవచధారిని గుమ్మంలో నిలబెట్టి, మాంత్రికుణ్ణి వెనక దాచి, అగ్నిగోళం విసిరేముందు మనవాళ్లు దాని పరిధిలో ఉన్నారా అని చూసుకుంటాం. సీక్వెల్‌లో ఆ పైచూపు పోయింది. మన దెబ్బ సొంతవాళ్లకు తగలడం అన్నిటికంటే కష్టమైన నైట్‌మేర్ స్థాయికే పరిమితమైంది. పైగా ఒక గుంపు చచ్చేలోపు ఇంకో గుంపు ఎక్కడినుంచో ఊడిపడుతుంది, చాలాసార్లు సరిగ్గా మాంత్రికుడి నెత్తిన. ఆటగాడు ఎక్కడ నిలబడాలో వేసుకున్న ప్లాన్‌ని ఆటే రద్దు చేసేస్తోంది అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. ఏ పోరాటంలో ఇలా ఎన్ని అలలు, అంటే శత్రువుల గుంపులు, ఎన్ని సెకన్లకు, ఏ మూల నుంచి వస్తున్నాయో పట్టికలు కూడా వేశారు. ఇది ఎవరూ అడగకుండా చేశారంటే మీ బుర్ర ఎటు తిరిగి ఉందో తెలుస్తూనే ఉంది.

ఫ్రెండ్స్ 'గేమ్ డిజైనర్' అని ఒక్కమాటలో అనేశారు గానీ లోపల గదులు చాలా ఉన్నాయి. మాటలు, క్వెస్టులు (ఆటలో హీరోకి అప్పగించే పనులు) రాసేవాళ్లు నెరేటివ్ డిజైనర్లు. గుహ ఆకారం, తలుపులు చూసేవాళ్లు లెవెల్ డిజైనర్లు. దెబ్బకు ఎంత, ఏ స్థాయిలో ఎంత అని అంకెలతో కుస్తీ పట్టేవాళ్లు సిస్టమ్స్ డిజైనర్లు. శత్రువులు ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి అన్నది కంబాట్ లేదా ఎన్‌కౌంటర్ డిజైనర్ల పని. మీరు కథ రాయాలనుకుంటున్నట్టు ఉత్తరం చివర్లో ఒక మాట ఉంది, కానీ డైలాగుల మీద మీ మూడు పేజీలు మామూలుగా ఉన్నాయి. నొచ్చుకోకండి. మీది ఎన్‌కౌంటర్ గది. పైగా కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు, స్క్రిప్టింగ్ రావడం ఆ గదిలో పెద్ద ప్లస్.

చేయాల్సింది ఇది. 30 పేజీల్లోంచి అలల మీద రాసిందాన్ని రెండు పేజీలకు కుదించండి. సమస్య ఏంటి, అలా చేయడానికి వాళ్లకు ఉండగల కారణం ఏంటి, అలలు ఉంచుతూనే ఆటగాడి ప్లాన్ బతికేలా మీరు ఏం మారుస్తారు. మూడోదే ముఖ్యం. అలలు తీసేస్తాను అనకండి, అది దొంగదారి. పోరాటం వేగంగా ఉండాలన్నది వాళ్ల లక్ష్యం, ఆ లక్ష్యాన్ని ఉంచి పరిష్కారం చెప్పండి. రెండు సెకన్ల ముందు శబ్దం రావచ్చు, తలుపు కదలొచ్చు, శత్రువులు రాగల మూలలు ముందే కనిపించొచ్చు. మీకింకేమైనా తట్టొచ్చు.

తర్వాత దాన్ని కట్టండి. ఒకే ఒక్క గది. యూనిటీ, అన్‌రియల్, గోడో లాంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. గోడలు బూడిదరంగు డబ్బాలు, శత్రువులు ఎర్ర డబ్బాలు, చాలు. అందం జోలికి వెళ్లారంటే మూడు నెలలు రాతి టెక్స్చర్ల దగ్గరే గడిచిపోతాయి, ఈ రోగం చాలామందిలో చూశాను. మొదటి వెర్షన్‌లో అలలు డ్రాగన్ ఏజ్ 2 లాగే పడాలి, రెండో వెర్షన్‌లో మీ పద్ధతిలో. చూసేవాళ్లు రెండూ ఆడి తేడా తెలుసుకోవాలి. మీకు ఆరిజిన్స్ మీద అంత ప్రేమ ఉంటే దాని పీసీ వెర్షన్‌కి బయోవేర్ ఇచ్చిన టూల్‌సెట్, అంటే ఆటలో కొత్త భాగాలు కట్టే సాఫ్ట్‌వేర్, ఉంది, అందులోనే కట్టొచ్చు. పాతది, ఇన్‌స్టాల్ చేయడమే ఒక క్వెస్ట్ అనుకోండి. దరఖాస్తుతో పాటు పంపాల్సినవి మూడే: ఆ రెండు పేజీలు, ఆడి చూడగలిగే గది, ఏ అంకె ఎందుకు మార్చారో రాసుకున్న నోట్స్. మిగతా 28 పేజీలు మీ దగ్గరే ఉంచుకోండి.

నాన్నగారి మాట. ఆయన అన్నది తప్పు కాదు, ఆడటం ఉద్యోగం కాదు. ఆటలు పరీక్షించే క్యూఏ ఉద్యోగం కూడా ఆడటం కాదు, ఒకే తలుపును 200 సార్లు తెరిచి ఏ సారి ఇరుక్కుందో రాయడం. ఆయన పైకి అనని భయం ఇంకోటి ఉండొచ్చు, అది నిలకడ గురించి. దానికీ ఆధారముంది. ఈ రెండు ఆటలూ చేసిన బయోవేరే 2023 ఆగస్టులో సుమారు 50 మందిని తీసేసింది. మంచి ఆట చేసిన టీమ్ కూడా ఆట అయిపోగానే చెదిరిపోయే రంగం ఇది. అందుకే డిగ్రీ వదలొద్దు, గేమ్స్ కోసమని కోర్సు మార్చొద్దు. ప్రోగ్రామింగ్ గట్టిగా ఉంటే ఈ రంగం మూడేళ్లు మొహం చాటేసినా మీ చేతిలో వేరే పని ఉంటుంది. ఈ మాట ఆయనకు నా మాటగానే చెప్పండి.

గది తయారయ్యాక ఐదుగురితో ఆడించండి. అందులో ఇద్దరు అసలు గేములు ఆడనివాళ్లు ఉండాలి, ఒకరు నాన్నగారైతే మరీ మంచిది. పక్కన కూర్చోండి, కానీ ఏ బటన్ నొక్కాలో చెప్పకండి, ఆయన అడిగినా సరే. ఎర్ర డబ్బా వెనకనుంచి వచ్చినప్పుడు ఆయన ఎటు చూశారో, విసుగ్గా మౌస్ ఎప్పుడు వదిలేశారో సెకన్లతో సహా రాసుకోండి. ఆ కాగితం నాకు పంపండి.