సరిపోతుందని చెప్పి అమ్మిన ర్యామ్ పాత కంప్యూటర్‌లో పనిచేయకపోతే

ప్రశ్న: నేను ఖమ్మంలో డీటీపీ పని చేసుకుని బతుకుతున్నాను. 2011లో కొన్న డెస్క్‌టాప్‌లో జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను కలిపి నడిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఒక దుకాణానికి బోర్డు ఫొటో వాట్సాప్‌లో పంపి, ‘దీన్ని 8 జీబీ చేయాలి, ఏ ర్యామ్ సరిపోతుంది?’ అని అడిగాను. ‘డీడీఆర్3 4 జీబీవి రెండు వేయండి, గ్యారంటీగా పనిచేస్తాయి’ అని జవాబిచ్చి, రూ. 2,400 తీసుకుని బిల్లుతో సహా పార్సిల్ పంపారు. అవి పెడితే బీప్ శబ్దమే తప్ప తెర మీద ఏమీ రావడం లేదు. పాత ర్యామ్ పెడితే మామూలుగానే ఆన్ అవుతోంది. వాపసు తీసుకోమంటే, ‘ర్యామ్‌లో లోపం లేదు, మీ బోర్డే పాతది, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. కొని పన్నెండు రోజులైంది. నాకు చట్టంలో ఏమైనా దారి ఉందా?

జవాబు: దారి ఉంది. అయితే ఫిర్యాదులో ‘పాడైపోయిన ర్యామ్ అంటగట్టారు’ అని మాత్రం రాయకండి. ర్యామ్ బాగానే ఉందని దుకాణదారు అంటున్న మాట నిజమే కావచ్చు. దాన్ని వినియోగదారుల కమిషన్ ఎదుట ఇంకో కంప్యూటర్‌లో పెట్టి నడిపించి చూపిస్తే మీ ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది.

ముందుగా ఆ ర్యామ్ స్టిక్కులను చేతిలోకి తీసుకుని, వాటి మీద నల్లని చిప్పులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. జీ41 చిప్‌సెట్ ఒక్కో చిప్పుకు 2 గిగాబిట్ల (8 గిగాబిట్లు ఒక జీబీ) వరకే గుర్తిస్తుంది కాబట్టి, దానికి సరిపడే 4 జీబీ స్టిక్కుకు రెండు వైపులా కలిపి పదహారు చిప్పులు ఉండాలి. ఎనిమిదే ఉంటే ఒక్కొక్కటి 4 గిగాబిట్లది అన్నమాట. అది మీ బోర్డు తరువాత వచ్చిన డీడీఆర్3 బోర్డుల్లో చక్కగా పనిచేస్తుంది, మీ బోర్డు మాత్రం దాన్ని చదవలేదు. గాడి, పిన్నులు రెండింటికీ ఒకటే కావడం వల్ల స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కొన్నవారికి అనుమానం రాదు. రోజూ ర్యామ్ అమ్మేవారికి ఈ తేడా తెలిసి ఉండాలి. మీ వివాదానికి మూలం ఇదే.

ఇప్పుడు చట్టానికి వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ‘లోపం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. వస్తువు చెడిపోవడం ఒక్కటే లోపం కాదు, ఒప్పందం ప్రకారం గాని, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న దాని ప్రకారం గాని ఉండవలసిన నాణ్యత, ప్రమాణం లేకపోవడం కూడా లోపమే. మీ బోర్డు ఫొటో చూసిన తరువాత ‘గ్యారంటీగా పనిచేస్తాయి’ అని రాసి పంపడం వ్యాపారి చెప్పుకున్న మాట కిందికే వస్తుంది.

దీనికి వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 తోడవుతుంది. వస్తువు ఏ అవసరానికో కొనుగోలుదారు ముందే తెలియజేసి, అమ్మేవారి నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు, అలాంటి సరుకు అమ్మడమే ఆ వ్యాపారి వృత్తి అయినప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు బిల్లులో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. అయితే ఇదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఫలానా కంపెనీవారి ఫలానా పేరుగల వస్తువే కావాలని అడిగి తీసుకున్నవారికి ఈ షరతు వర్తించదు. మీరే బ్రాండు, మోడల్ నంబరు చెప్పి తెప్పించుకుని ఉంటే నేను ఇంత ధైర్యంగా జవాబు రాసేవాణ్ణి కాదు. మీరు అడిగింది ‘ఏది సరిపోతుంది?’ అని. ఆ ఒక్క వాక్యమే మీకు బలం.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి చాలామంది వెనక్కి తగ్గుతుంటారు. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు ఏదీ పేర్కొనకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వాణిజ్య విధానం. ‘వాపసు లేదు’ అనడం గడువు చెప్పడం కాదు కనుక, మీకు 30 రోజుల లెక్కే వర్తిస్తుందని నా అభిప్రాయం. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. రాతపూర్వకంగా అడగడం ఈలోపే జరగాలి.

మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారు కారని అవతలివారు వాదించవచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం తానే వాడుకునేందుకు కొన్న వస్తువును చట్టం వాణిజ్య ప్రయోజనంగా పరిగణించదు. డీటీపీ పని స్వయంగా చేసుకుంటూ దాని మీదే బతుకుతున్నానన్న మాట ఫిర్యాదులో తప్పక రాయండి.

వాట్సాప్ సంభాషణను చెరిపేయకండి. ఫోన్ మార్చినా పాతది దాచండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరానికి తావుండదు. మదర్‌బోర్డు మాన్యువల్‌లో మెమరీ వివరాలున్న పేజీ ప్రింటు, స్టిక్కుకు రెండు వైపులా తీసిన ఫొటోలు, స్థానిక టెక్నీషియన్ పరీక్షించి సంతకం చేసిన చిన్న కాగితం ఉంటే, ర్యామ్‌ను పరీక్షకు ల్యాబ్‌కు పంపే అవసరం రాకపోవచ్చు. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష కావలసినదాన్ని అయిదు నెలల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలని వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆచరణలో ఆలస్యమవుతుంది, అది వేరే సంగతి.

ముందు దుకాణదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. రూ. 2,400 వాపసు గాని, మీ బోర్డు చదవగల పదహారు చిప్పుల స్టిక్కులు గాని ఇవ్వమని కోరండి. రెండోదానికి వారు ఒప్పుకుంటే నేనైతే తీసుకుని ఊరుకుంటాను. వాడిన సరుకు ఇస్తే వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి. అన్నట్టు, మీ విండోస్ 32 బిట్‌ది అయితే ఎంత మంచి ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడుకోలేదు. దానికి మాత్రం దుకాణదారును తప్పుపట్టలేరు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా, మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే హక్కును అదే చట్టంలోని సెక్షన్ 34 ఇస్తోంది కనుక ఖమ్మంలోనే దాఖలు చేయండి. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. పోయిన పని రోజులకు పరిహారం అడగండి గాని, రెండు వేల నాలుగు వందల సరుకుకు లక్షలు అడిగితే కమిషన్‌కు మీ మీద గురి తగ్గుతుంది.

ఈలోగా ఆ స్టిక్కులను ఇంకెవరి కంప్యూటర్‌లోనూ పెట్టించకండి, అమ్మేయకండి. వాటి మీది సీరియల్ నంబర్లను బిల్లుతో సరిచూసుకుని, వచ్చిన కవరులోనే భద్రపరచండి.