రెండోసారి కుక్క కరిస్తే మళ్లీ ఐదు సూదులా?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 41. ఏడాదిన్నర కిందట వీధికుక్క చెయ్యి కొరికితే ప్రభుత్వాసుపత్రిలో నాలుగు విడతలూ సూదులు వేయించుకున్నాను. చీటీ ఉంది. మొన్న ఆదివారం సాయంత్రం ఇంకో కుక్క పిక్క మీద కరిచింది. రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది. ఇంట్లో పసుపు అద్దారు. ఇదివరకు వేయించుకున్నావు కదా, ఇక అక్కర్లేదని పక్కింటివాళ్లు అంటున్నారు. మళ్లీ మొదటి నుంచి ఐదు సూదులు, గాయంలోకి సీరం కూడా వేయించుకోవాలని తెలిసిన ఆర్‌ఎంపీ అంటున్నారు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఇద్దరి మాటా సరి కాదు. మీకు కావలసినవి రేబిస్ టీకా రెండు డోసులే, కానీ ఆ రెండూ తప్పనిసరి. సీరం, అంటే ముందే తయారుగా ఉన్న యాంటీబాడీల మందు, అవసరం లేదు. రెండు రోజులు దాటిపోయాయి కదా, ఇంకెందుకని మాత్రం అనుకోకండి. ఈరోజే వెళ్లండి.

వెళ్లేముందు ఒక పని ఉంది. పిక్కను కుళాయి ధార కింద పెట్టి, బట్టల సబ్బయినా సరే నురగ వచ్చేలా రాసి, గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు కడగండి. పళ్లు దిగిన రెండు గాట్లలోకీ నీళ్లు వెళ్లాలి, పసుపంతా పోవాలి. రేబిస్ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. కరిచిన వెంటనే కడిగితే వచ్చే మేలు ఇప్పుడు రాదు, అయినా కడగాల్సిందే. తర్వాత పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందు రాసి గాలి తగలనివ్వండి. కట్టు గట్టిగా కట్టొద్దు, కుట్లు వేయించొద్దు. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసర్లు గాయాన్ని రేపుతాయే తప్ప వైరస్‌ను ఏమీ చేయవు.

రెండు డోసులు ఎందుకు చాలంటే, కిందటిసారి నాలుగు విడతలూ పూర్తయ్యాక మీ ఒంట్లో ఈ వైరస్‌ను గుర్తుపట్టే కణాలు మిగిలి ఉన్నాయి. రక్తంలో యాంటీబాడీలు కాలంతో తగ్గినా ఆ కణాలు ఏళ్ల తరబడి ఉంటాయి. ఒక్క డోసు పడగానే అవి కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలను మళ్లీ తయారుచేస్తాయి. మొదటిసారి కరిచినవారిలో ఆ పని మొదలవడానికి వారం పైనే పడుతుంది. ఆలోపు గాయం దగ్గరే వైరస్‌ను ఆపడానికే సీరం. మీకు ఆ ఖాళీ లేదు.

మొదటి డోసు వేయించుకున్న రోజు సున్నా రోజు, రెండోది మూడో రోజు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బుధవారం మొదటిది పడితే రెండోది శనివారం, శుక్రవారం కాదు. లెక్క కుక్క కరిచిన రోజు నుంచి కాదు, సూది పడిన రోజు నుంచి.

కండకు వేస్తే ఒక వయల్ మొత్తం భుజం కండలోకి వేయాలి. పిరుదుకు వేస్తామంటే ఒప్పుకోకండి. అక్కడి కొవ్వులో చిక్కుకుని మందు సరిగా పనిచేయదు. చర్మంలోకి వేస్తే 0.1 మిల్లీలీటరు, ఒక్కచోట. కిందటిసారి నాలుగు విడతలన్నారు కాబట్టి చర్మంలోకే, రెండు చేతులకూ వేసి ఉంటారు, ఈసారి ఒక చేతికే వేస్తే కంగారు పడకండి. సూది తీయగానే అక్కడ నారింజ తొక్కలా సన్నటి గుంటలతో చిన్న బుడిపె లేవాలి. లేవలేదంటే మందు చర్మం కిందకు జారిందన్నమాట. అప్పుడే ఇంకోచోట మళ్లీ వేయమని అడగండి.

మీ షుగర్ వల్ల ఈ లెక్క మారదు. గాయం చీము పట్టే ప్రమాదం మాత్రం ఎక్కువ, కాబట్టి యాంటీబయాటిక్ గురించి, ధనుర్వాతం సూది (టీటీ) గురించి డాక్టర్ని అడగండి. హెచ్‌ఐవీ ఉన్నా, క్యాన్సర్ మందులు గానీ చాలాకాలంగా స్టెరాయిడ్లు గానీ వాడుతున్నా సంగతి వేరు. వాళ్లు ఇదివరకు వేయించుకున్నా పూర్తి కోర్సు, సీరం రెండూ తీసుకోవాలి.

చీటీ వెంట తీసుకెళ్లడం మరవకండి. కిందటి కోర్సు పూర్తయిందని రుజువు లేకపోతే కొత్తగా కరిచినట్టే చూస్తారు, అదే క్షేమం కూడా. చిన్నప్పుడు బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది గొర్రె మెదడుతో చేసిన పాత మందు, మన దేశంలో 2004తో తయారీ ఆపేశారు. దాన్ని లెక్కలోకి తీసుకోరు. పూర్తి కోర్సు అయ్యాక మూడు నెలలలోపే మళ్లీ కరిస్తే మాత్రం గాయం శుభ్రం చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మీకు ఏడాదిన్నర అయింది, అది వర్తించదు.

కుక్కను పది రోజులు గమనిస్తూ ఆగుదామనుకోవద్దు. మీ రెండు డోసులూ అంతకుముందే అయిపోతాయి. చెవి కొస కత్తిరించి ఉందనీ ధీమా పడకండి. అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తు, అప్పుడు టీకా వేసి ఉంటారు, ఆ తర్వాత ఏటా వేశారో లేదో ఆ చెవి చెప్పదు.

పథ్యం ఏమీ లేదు. గుడ్డు, చేప, మాంసం అన్నీ తినొచ్చు. సూది వేసినచోట కాస్త ఎర్రబడి దురద పెట్టడం, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే, పారాసిటమాల్ వేసుకోవచ్చు. టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మీ వార్డు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాకు లేదంటే రేపటిదాకా ఆగకుండా విశాఖ కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్లండి. రెండోది ఎక్కడ వేయించుకున్నా, తేదీ పాత చీటీ మీదే రాయించుకుని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.