కోచ్ కావాలంటే ముందు ఫలితాన్ని గుర్తుపట్టాలి

ప్రశ్న: ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఉద్యోగుల పనితీరు మెరుగుపరిచే కోచ్‌గా స్థిరపడాలని ఉంది. ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) సర్టిఫికెట్ ఇప్పుడే చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఐసీఎఫ్‌లో మొదటి మెట్టయిన ఏసీసీకే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతారు. ఆ వందలో 75 గంటలు ప్రతిఫలం తీసుకుని చేసినవై ఉండాలి. కాలేజీలో ఉండగా అది అయ్యే పని కాదు. ముందు ఏదైనా టీమ్‌లో చేరి, అక్కడ విలువైన ఫలితం ఏదో పట్టుకోవడం నేర్చుకోండి.

హైదరాబాద్‌లో చాలామంది ఫ్రెషర్లు చేరే మెడికల్ బిల్లింగ్‌నే తీసుకుందాం. అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి, ఆసుపత్రులకు రావలసిన సొమ్ము రాబట్టడం ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్) కాలర్ పని. కాల్స్ చేయడం పని మాత్రమే, క్లెయిమ్ డబ్బు జమ కావడం ఫలితం. టీమ్ లీడర్ కాల్స్ లెక్కే అడిగితే ఏమవుతుంది? ఎక్కువసేపు హోల్డ్‌లో పెట్టే ఇన్సూరెన్సులను వదిలేసి, తేలిగ్గా తేలే క్లెయిమ్‌లే ఎంచుకుంటారు. టార్గెట్ నిండుతుంది, పాతవి పేరుకుపోతాయి. అమెరికా ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌కైతే వైద్యం జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ చేరాలి. చాలా ప్రైవేటు కంపెనీల గడువు ఇంకా తక్కువ. గడువు దాటాక ఎంత మర్యాదగా మాట్లాడినా డబ్బు రావడం కష్టం.

ఫలితం తగ్గిందనగానే ట్రైనింగ్ పెట్టేయడం మన ఆఫీసుల్లో పాత జబ్బు. పనితీరు మెరుగుదల నిపుణుడు థామస్ గిల్బర్ట్ 1978లో ఇచ్చిన ఆరు గడుల పట్టిక ఇక్కడ పనికొస్తుంది. సమాచారం, పనిముట్లు, ప్రోత్సాహకాలు సంస్థ చూడాల్సినవి. తెలివిడి, సామర్థ్యం, ఆసక్తి మనిషివి. ఈ వరుసలోనే వెతకండి. ప్రీ-ఆథరైజేషన్ (వైద్యానికి ముందు ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే అనుమతి) నంబరు ఫైల్‌లోనే లేకపోతే కాలర్‌కి క్లాసు పీకి లాభమేమిటి? ట్రైనింగ్ తీర్చేది తెలివిడి లోటునే.

లోటు నిజంగా మనిషిదే అని తేలితే వారానికోసారి 20 నిమిషాలు కూర్చోండి. తిరస్కరించిన క్లెయిమ్‌లు మూడు తెరిచి, కారణం ముందు ఆ ఉద్యోగినే చెప్పనివ్వండి. మార్చాల్సింది ఒక్కటే రాసుకోండి. అయిదు చెబితే ఒక్కటీ మారదు. వచ్చే వారం అదే తరహా క్లెయిమ్‌లు మళ్లీ చూడండి.

ఇంటర్న్‌షిప్ దొరికితే బాగా చేసేవారినొకరిని, సగటువారినొకరిని పక్కన కూర్చుని గమనించి, తేడా ఏ గడిలో ఉందో ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూకి ఆ పేజీ తీసుకెళ్లండి.