ఆదివారం అన్నయ్య వెళ్ళిపోతే పిల్లలకేమవుతుంది?

జీతం భత్యం లేకుండా ఊళ్ళో పిల్లలకు తోడుగా నిలబడే వాళ్ళ గురించి ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు ఒకచోట పెట్టి జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, మిగతా వాళ్ళు అడిగిన దానికి మూలం కూడా అందులోనే ఉంది కాబట్టి.

ప్రశ్న: నేను పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్న మా ఊరి రామమందిరం అరుగు మీద ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుంటున్నాను. లెక్కలు, ఇంగ్లీషు కొంచెం చెప్తాను, ఎక్కువసేపు కబుర్లే. చాలామంది అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు, పిల్లలు ఇక్కడ మామ్మల దగ్గర పెరుగుతున్నారు. ఇప్పుడు నాకు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. "వారానికి రెండు గంటలు కూర్చుంటే ఎవరి బతుకూ మారిపోదు, టెన్షన్ పడకుండా వెళ్ళు" అంటున్నారు మా ఇంట్లో. నిజంగా అంతేనా? నేను వెళ్ళిపోతే వాళ్ళకేమన్నా అవుతుందా?
– రణస్థలం మండలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ఇంట్లోవాళ్ళు నీ మంచి కోరే అన్నారు, కానీ ఆ మాట నిజం కాదు. దీని మీద గట్టి పరిశోధనే జరిగింది. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని ఒక సంస్థ ఉంది, 1904లో న్యూయార్క్‌లో మొదలైన ప్రయత్నం నుంచి పెరిగింది, దాని పని ఒక్కటే, ఒక పిల్లవాడికి ఒక పెద్దమనిషిని జత చెయ్యడం. 10 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 959 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా విడదీసి, సగం మందికి అప్పుడే ఒక తోడును ఇచ్చారు, మిగతా సగాన్ని ఏడాదిన్నర వెయిటింగ్ లిస్టులో ఉంచారు. 1995లో ఫలితాలు బయటికొచ్చాయి. తోడు దొరికిన పిల్లలు మత్తుమందుల జోలికి కొత్తగా వెళ్ళడం రెండో గుంపు కన్నా 46 శాతం తక్కువ, మద్యం మొదలుపెట్టడం 27 శాతం తక్కువ, బడి ఎగ్గొట్టిన రోజులు దాదాపు సగం. మరి ఆ పెద్దవాళ్ళు చేసిందేమిటంటే, నెలకు మూడుసార్లు చొప్పున కలిసి కొన్ని గంటలు గడపడం, అంతే. ట్యూషన్ చెప్పాలనో, బుద్ధి నేర్పాలనో వాళ్ళు వెళ్ళలేదు. నువ్వు "ఎక్కువసేపు కబుర్లే" అని కొంచెం మొహమాటపడుతూ రాశావు చూడు, పని చేసింది ఆ కబుర్లే.

అయితే దీన్ని పెంచి చెప్పకూడదు. తర్వాత జరిగిన పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి లెక్కేస్తే సగటున కనిపించే మేలు ఓ మోస్తరుదే. కానీ ఆ సగటులో ఎవరికి ఎక్కువ మేలు జరిగింది, ఎవరికి జరగలేదు అనేది ఉంది, నీకు కావలసింది అదే. పైన చెప్పిన పిల్లల వివరాలనే జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు మళ్ళీ తీసి, ఎవరి జోడీ ఎన్నాళ్ళు నిలిచింది అని చూశారు, 2002లో ప్రచురించారు. ఏడాది దాటి నిలిచిన జోడీల్లో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట మాత్రం పిల్లలు తమను తాము తక్కువగా చూసుకోవడం మొదలైంది, అంటే అసలు ఎవరూ రాకపోయినా బాగుండేదేమో అనిపించేంతగా. నువ్వు రెండేళ్ళు నిలిచావు. వాళ్ళకు అందవలసింది చాలావరకు అందింది. దాన్ని పాడుచేయకుండా వెళ్ళడం ఎలా అన్నదే ఇప్పుడు ఆలోచించాలి.

ఉద్యోగం వదులుకోవద్దు, ఆ ప్రశ్నే లేదు. నువ్వు ఎదగడం కూడా ఆ పిల్లలు చూడాలి. కానీ బస్సెక్కే ముందు వారం చెప్పకు, ఇప్పుడే చెప్పు. ఎందుకు వెళ్తున్నావో, జీతం ఎంత పెరుగుతుందో, ఇంట్లో ఏం అవసరాలున్నాయో అన్నీ చెప్పు, పిల్లలకు అర్థమవుతుంది. ముఖ్యంగా, వాళ్ళు అల్లరి చేశారనో సరిగ్గా చదవలేదనో వెళ్ళడం లేదని నోటితో అను. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, "వచ్చే పండక్కి వచ్చేస్తాం" అని చెప్పి వలసెళ్ళిన అమ్మానాన్నలు రెండు పండగలు దాటినా రాకపోతే పిల్లవాడు బయటికి ఏమీ అనడు గానీ, లోపల తప్పు తన మీదే వేసుకుంటాడు, నీ విషయంలోనూ అదే చేస్తాడు. మామ్మలకు కూడా ఇంటికెళ్ళి చెప్పు.

"ప్రతి నెలా వస్తాను" అనకు. కొత్త ఉద్యోగంలో అది కుదరదు. కుదిరేది మాత్రమే చెప్పు, ఆదివారం పది గంటలకు ఫోన్ చేస్తాననో, సంక్రాంతికి వచ్చినప్పుడు అదే అరుగు మీద కూర్చుందామనో, చెప్పాక మాత్రం తప్పకు. పదో తరగతి వాళ్ళను పరీక్షలు, ఫలితాలు అయి ఏదో ఒక కాలేజీలో చేరే దాకా వదలకు. ఏ గ్రూపు తీసుకోవాలి, పాలిటెక్నిక్కా ఇంటరా అని అడగడానికి ఇంట్లో మనిషి లేని పిల్లలకు ఆ రెండు మూడు నెలలు చాలా కష్టం, ఎంతోమంది పనుల్లోకి జారిపోయేది అప్పుడే. నీ తర్వాత కూర్చునే మనిషిని ఇప్పుడే వెతికి, నువ్వుండగానే కొన్ని ఆదివారాలు నీ పక్కన కూర్చోబెట్టు. దొరకకపోతే దొరకలేదనే చెప్పు. దొరికినట్టు నమ్మించి వెళ్ళిపోవద్దు.

ప్రశ్న: మాది ఉద్దానంలో ఒక ఊరు. మా ఆయనకు కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తుంటాను, మిగతా రోజుల్లో జీడి పని. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. టౌన్ నుంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి వచ్చి మా వీధి ఆడపిల్లలకు సాయం చేస్తోంది, మంచి పిల్లే. కానీ మా అమ్మాయి ఏదైనా ఆ అక్కకే చెప్తుంది, నాకు చెప్పదు. నేను చదువుకోలేదని చులకనా అని బాధగా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ వయసు పిల్లలు అమ్మకు చెప్పనివి అక్కకు చెప్తారు, మీరు చదువుకుని ఉన్నా ఇంతే జరిగేది. పైగా మీ ఇంట్లో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీరు మోస్తున్న బరువు ఆ పిల్లకు కనిపిస్తోంది. తన బాధ కూడా మీ మీద వేయకూడదని అనుకుంటుందేమో, అడిగి చూడండి.

హవాయిలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళు నలభై ఏళ్ళు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో జబ్బులు, గొడవలు, ఇలా చాలా కష్టాల మధ్య పెరిగిన వాళ్ళలో మూడోవంతు మంది ధైర్యంగా, పనిమంతులుగా తేలారు. వాళ్ళ చుట్టూ ఏముందని చూస్తే, తమను గట్టిగా పట్టించుకున్న మనిషి ఒక్కరైనా కనిపించారు, తాతో మామ్మో టీచరో పొరుగింటావిడో. మీ అమ్మాయికి మీరు ఉన్నారు, ఇప్పుడు ఇంకొకరు దొరికారు. మొదటి జవాబులో చెప్పిన అమెరికా పిల్లల్లో ఇంకో సంగతి కూడా బయటపడింది, బయటి మనిషి తోడు దొరికాక వాళ్ళకు అమ్మానాన్నలతో పొత్తు మెరుగుపడింది, చదువు బాగుపడటానికి అదీ ఒక దారైంది. అందుకే ఆ అమ్మాయిని ఒకరోజు భోజనానికి పిలవండి. డయాలసిస్ ఏ రోజుల్లోనో, ఇల్లు ఎలా నడుస్తోందో మీరే చెప్పండి. మీ కూతురు ఏం చెప్పిందని మాత్రం గుచ్చి అడగొద్దు, అడిగితే ఆ పిల్ల ఇద్దరి మధ్యా ఇరుక్కుంటుంది.

ఇది మీ ఒక్కరికే కాదు, అందరు తల్లిదండ్రులకూ. సాయం చేసే మనిషి ఎంత మంచివాళ్ళయినా కూర్చునేది నలుగురికీ కనిపించే చోటే, వేళ మీకు తెలియాలి. "ఇంట్లో చెప్పొద్దు" అని పిల్లలతో ఒక్కసారి అన్నారని తెలిసినా అక్కడితో ఆపించేయండి. అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి, పిల్లల కోసమే ఉన్న నంబరు అది.

ప్రశ్న: మంచి మనసుతో చేస్తే మంచే జరుగుతుందని అందరూ రాస్తారు. రుజువులున్నాయా? చేటు జరిగిన సందర్భాలు లేవా?
– విజయనగరం కంటోన్మెంట్ నుంచి

జవాబు: చేటు జరిగిన సందర్భాలూ ఉన్నాయి, చెప్పుకోవాలి కూడా. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఊళ్ళలో 1939లో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. 506 మంది మగపిల్లలు, సగం మందికి సలహాదారులు, సగటున ఐదేళ్ళ పాటు ఇళ్ళకు వెళ్ళడం, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు. ముప్పై ఏళ్ళ తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళలో దాదాపు అందరినీ వెతికి పట్టుకుంది. సాయం పొందిన వాళ్ళలో చాలామంది తమకు మేలే జరిగిందన్నారు. లెక్కలు మాత్రం వేరేగా ఉన్నాయి, తాగుడు, జబ్బులు, తొందరగా చనిపోవడం, ఇలాంటి కొన్ని విషయాల్లో సాయం పొందిన గుంపే వెనకబడి ఉంది. అందించినంత కాలం అందించి ఆపేశాక, పెరిగిన ఆశలు నిలబడక కుంగి ఉంటారని ఆమె ఒక కారణం ఊహించింది. తర్వాత మళ్ళీ పరిశీలిస్తే, వేసవి శిబిరాలకు ఒకటికి రెండుసార్లు పంపిన పిల్లల్లోనే చేటు ఎక్కువగా కనిపించింది, దారి తప్పుతున్న పిల్లలు ఒకచోట చేరితే ఒకరి నుంచి ఒకరు అవే నేర్చుకుని ఉంటారని పరిశోధకులు అనుకున్నారు.

దీన్ని బట్టి మానేయమని నేననను. "చెడ్డ బ్యాచ్" అని ముద్ర వేసి అలాంటి వాళ్ళనే ఒక గుంపుగా కూర్చోబెట్టే పద్ధతి మాత్రం మన ఊళ్ళలో చాలామంది చేస్తున్నారు, అది వెంటనే ఆపాలి. ఫలితం ఎలా ఉందని పిల్లలను అడిగి వాళ్ళు బాగుందంటే సంతోషపడి ఊరుకోవడం కూడా చాలదు. బడికి వస్తున్నారా, తర్వాత ఎక్కడ చేరారు, మధ్యలో ఎవరు మానేశారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ పోవాలి.

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. మా ఊరి పిల్లలకు నేనేం చెప్పగలను?
– నెల్లిమర్ల నుంచి

జవాబు: తమ్ముడూ, మీ మండలంలోనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరున్న ఊరు, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ముందు బరువులెత్తిన వాళ్ళను చూసి వెనక పిల్లలు నేర్చుకునే వాతావరణం అలాంటి చోట ఉంటుంది. పదో తరగతి పిల్లవాడికి కలెక్టర్ గారి మాట దూరంగా ఉంటుంది, ఐదేళ్ళ ముందు అదే బెంచీ మీద కూర్చున్న నీ మాట దగ్గరగా ఉంటుంది. బ్యాక్‌లాగ్స్ దాచకు. ఏ సబ్జెక్టు ఎందుకు పోయింది, ఇంట్లో ఎలా చెప్పావు, మళ్ళీ ఎలా రాస్తున్నావు, ఇవన్నీ వాళ్ళకు పనికొస్తాయి. నీ సెమిస్టర్ పరీక్షలప్పుడు రానని ముందే చెప్పు, అంతే.

ప్రశ్న: రిటైరైన టీచర్ని. బడి వదిలాక కూడా పిల్లలకు ఏదైనా చేయాలని ఉంది. ఎంతమందిని తీసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– బొబ్బిలి నుంచి

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు ఒక తరగతి నడుపుదామని చూస్తారేమో, అలవాటు అలాంటిది. వద్దండీ, ఇద్దరినో ముగ్గురినో తీసుకోండి. దగ్గరలోని హైస్కూలు హెచ్చెమ్ గారిని అడిగితే, తెలివి ఉండి ఇంట్లో చూసే దిక్కులేని పిల్లలెవరో ఆయనకు తెలుస్తుంది. తల్లిదండ్రులతో మాట్లాడాకే మొదలుపెట్టండి. ఏడాది నిలబడగలను అనుకుంటేనే మొదలుపెట్టండి, ఆరోగ్యం సంగతి కూడా చూసుకుని.

ఎనిమిదో తరగతి పిల్లలైతే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలకు అది, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తుంది. చాలామంది పోగొట్టుకునేది మార్కులు చాలక కాదు, ఆదాయ ధ్రువపత్రం వేళకు తేలేక, బ్యాంకు ఖాతాలో పేరు ఆధార్‌తో కలవక. పది చదివేవాళ్ళకు ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. ఇది తెలియక "మనకెక్కడ వస్తుందిలే" అని దరఖాస్తు కూడా పెట్టని ఇళ్ళున్నాయి. సచివాలయానికి పిల్లవాడి అమ్మతోనో మామ్మతోనో కలిసి మీరు ఒక్కసారి వెళ్తే కాగితాల పని ముందుకు కదులుతుంది, మిమ్మల్ని చూస్తే అక్కడి ఉద్యోగి లేచి నిలబడి "మాస్టారూ" అంటాడు, అతను మీ దగ్గర చదువుకున్నవాడే అయ్యుంటాడు కూడా.

చదువు చెప్పడం మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి నెల మాత్రం పుస్తకం తెరవకుండా వాళ్ళ మాటలు వినండి. మార్కులు అడగొద్దు. ఒక వారం పిల్లవాడు రాకపోతే కబురు పంపకండి, సాయంత్రం మీరే వాళ్ళింటి దాకా నడిచి వెళ్ళి పలకరించి రండి.