అగాథా క్రిస్టీ ఇంట్లో నాలుగు రోజులు ఉండొచ్చా?

ప్రశ్న: వేసవిలో అమ్మానాన్న గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి, మా దగ్గరికి వస్తున్నారండీ. నాన్నకి డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ అంటే పిచ్చి. ఆవిడ ఇంట్లోనే సెలవులకి దిగొచ్చట, నిజమేనా? అమ్మ మోకాళ్లే టెన్షన్.

జవాబు: నిజమేనమ్మా. ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్‌లో డార్ట్ నది సముద్రంలో కలిసే డార్ట్‌మత్‌కి కాస్త ఎగువన, ఒడ్డు మీది గుట్టపై ఉంటుంది గ్రీన్‌వే. ఆవిడ 1938లో 6,000 పౌండ్లకి కొన్న ఎస్టేట్ అది, 2000లో కుటుంబం నేషనల్ ట్రస్ట్‌కి (పాత ఇళ్లనీ తోటలనీ కాపాడే సంస్థ) ఇచ్చేసింది, ఇప్పుడు ఇంట్లో ఒక భాగాన్నీ ఎస్టేట్‌లోని కాటేజీనీ ట్రస్టే సెలవులకి అద్దెకిస్తోంది. హోటల్ కాదు సుమా, వంట మీదే, కాబట్టి కందిపప్పు, ఆవకాయ పట్టుకెళ్లండి.

నాన్నగారిని లైబ్రరీలో తలెత్తి చూడమనండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ ఇంట్లో అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్లు ఉండేవారు, వాళ్లలో ఒకాయన గోడల పైఅంచు చుట్టూ తమ యుద్ధప్రయాణాన్ని బొమ్మలుగా వేశాడు. ఇల్లు తిరిగి చేతికొచ్చాక క్రిస్టీ దాన్ని చెరపనివ్వలేదు, నాకైతే ఆ ఇంట్లో అన్నిటికన్నా అదే ఇష్టం.

ఇక అమ్మగారి సంగతి. డార్ట్‌మత్ నుంచి పడవలో వెళ్తే బావుంటుంది కానీ రేవు నుంచి ఇంటికి నిట్టనిలువు ఎక్కుడు, అటువైపు వెళ్లే ఆవిరి రైలు దిగినా అడవి దారిన నడవాల్సిందే. కారులోనే తీసుకెళ్లండి, పడవ సరదా మీరూ నాన్నగారూ తీర్చుకోండి. వేసవి గదులు త్వరగా అయిపోతాయి, వీసా రాగానే బుక్ చేసేయండి.