మాయం చేసిన మనిషి ఫైలు ఎలా కట్టాలి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అర్జెంటీనా సైనిక పాలనలో ఎత్తుకుపోయిన ఒక ఫ్యాక్టరీ కుర్రాడి మీద థీసిస్ రాస్తానన్నావు. నియంతృత్వం మీద పుస్తకాలు బోలెడున్నాయి, వాటి జోలికి ఇప్పుడే పోకు. ముందు ఆ ఒక్కడి ఫైలు కట్టు. 1976 మార్చి 24న గద్దెనెక్కిన సైన్యం, అడిగిన ప్రతి తల్లికీ మీవాడు మా దగ్గర లేడనే చెప్పింది. కానీ ఒక మనిషిని మాయం చెయ్యాలంటే గుమాస్తా నుంచి శ్మశానం కాపలాదారు దాకా చాలామంది చేతులు పడాలి. ఆ చేతులు పడ్డచోటల్లా కాయితం మిగిలింది. దాన్ని తేదీల వారీగా పేర్చడమే నీ పని.

మొదటి కాయితం మీద మనిషిని మనిషిగా రాసుకో. అక్కడ ఇటలీ నుంచి వలసొచ్చిన కుటుంబాలు ఎక్కువ. ఇంటిపేరు ఒక్కో ఆఫీసులో ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది, దొరికిన రూపాలన్నీ రాసి పెట్టుకో. లేకపోతే ఉన్న రికార్డు కూడా లేదనుకుని వెనక్కి వస్తావు. ముద్దుపేరు తప్పనిసరిగా అడుగు. నిర్బంధ కేంద్రాల్లో ఖైదీలు ఒకరికొకరు తెలిసింది ముద్దుపేర్లతోనే, అసలు పేరు చెబితే బతికొచ్చినవాళ్లకు గుర్తుండకపోవచ్చు. ఎత్తు, కట్టించుకున్న పళ్లు, చిన్నప్పుడు విరిగిన ఎముక రాసుకో. కార్మికుడి విషయంలో ఇంకోటి ఉంది. ప్రెస్సు కింద వేలు నలగడం, చెయ్యి విరగడం లాంటి దెబ్బలు ఎముకలో గుర్తు వదులుతాయి. ఇంట్లోవాళ్లు మరిచిపోయినా ఫ్యాక్టరీ డిస్పెన్సరీ రిజిస్టరులో ఉండొచ్చు.

తర్వాత ఎత్తుకుపోయిన రాత్రి. సైనిక పాలన పోయాక, మాయమైనవాళ్ల సంగతి తేల్చడానికి రచయిత సబాటో అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 1984లో ఇచ్చిన నివేదిక చూడు. వాళ్ల లెక్కలో 62 శాతం మందిని సాక్షుల ఎదుటే ఇంటి నుంచి తీసుకెళ్లారు, పనిచేసే చోటు నుంచి తీసుకెళ్లింది 7 శాతమే. ఈ 7 చూసి ఫ్యాక్టరీ యాజమాన్యాలకు సంబంధం లేదనుకోకు. ఇల్లు ఎక్కడో చెప్పే కార్డు ఉండేది ఫ్యాక్టరీ సిబ్బంది విభాగంలోనే కదా. జనరల్ పచెకో అనే ఊళ్లోని ఫోర్డ్ ఫ్యాక్టరీ కేసులో 24 మంది కార్మికులు. కొందరిని పనిలో ఉండగానే పట్టుకున్నారు, ఫ్యాక్టరీ ఆవరణలోనే కొట్టి తర్వాత టిగ్రే పోలీసు స్టేషన్‌కు తరలించారు. వాళ్లు ప్రాణాలతో తిరిగొచ్చారు కాబట్టే లోపలి సంగతి కోర్టుకెక్కింది. 2018 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ మాజీ అధికారులిద్దరికి, ముల్లర్‌కు 10 ఏళ్లు, సిబిల్లాకు 12 ఏళ్లు శిక్ష పడింది. ఆ కేసులో నువ్వు గమనించాల్సింది టెలిగ్రాములు. మనిషి నిర్బంధంలో ఉంటే, డ్యూటీకి రాలేదు, రాకపోతే ఉద్యోగం పోతుందని ఇంటికి టెలిగ్రాం వచ్చేది. క్రూరమైన కాయితమే, కానీ దాని మీద తేదీ ఉంటుంది. నీ కుర్రాడి ఇంట్లో అలాంటిది ఉందేమో అడుగు. జీతాల రిజిస్టరులో చివరి సంతకం ఎప్పటిదో దాని పక్కన పెట్టు.

తేదీ దగ్గరే ఎక్కువమంది తప్పులో పడతారు. సోమవారం రాత్రి అని తల్లి అంటుంది, గడియారం ప్రకారం అది మంగళవారం తెల్లవారుజామున రెండు. పిటిషన్‌లో ఒక తేదీ, కమిషన్ ఫారంలో మరో తేదీ పడి, ఒక్క మనిషి ఇద్దరవుతాడు. గంట అడుగు. ఎన్ని కార్లు, నంబరు ప్లేట్లు ఉన్నాయా, యూనిఫామా మామూలు బట్టలా, వీధిలో పోలీసులు కావాలనే తప్పుకున్నారా, ఆ కుర్రాడి ఒంటి మీద ఏ చొక్కా ఉంది, అన్నీ రాయి.

పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్లు ఒకటి దొరికిందని ఆగకు, ఒక్కో కుటుంబం మూడు నాలుగు వేసి ఉంటుంది. మొదటిదే విలువైనది, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు రాసింది కనుక. జడ్జి హోంశాఖనీ పోలీసులనీ అడిగేవాడు, లేడని జవాబు వచ్చేది, పిటిషన్ కొట్టేసేవాడు. ఆ జవాబు కాయితమూ తీసుకో, ఎవరు సంతకం పెట్టారో చూడు. (వాళ్లను చూసి మనం గొప్పలు పోనక్కర్లేదు. అక్కడ సైన్యం గద్దెనెక్కి నెల దాటిన కొద్ది రోజులకే, 1976 ఏప్రిల్ 28న, మన సుప్రీంకోర్టు ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కే లేదని తీర్పిచ్చింది.)

లా ప్లాటాలో బ్యూనస్ ఐరిస్ రాష్ట్ర పోలీసు నిఘా విభాగం ఫైళ్లున్నాయి, ఇప్పుడవి ప్రాంతీయ జ్ఞాపక కమిషన్ అధీనంలో ఉన్నాయి. అందులో కార్మిక సంఘాల మీద నిఘా ‘బి’ బల్ల (అంటే ‘బి’ విభాగం) కింద ఉంటుంది. పేరుతో వెతికి దొరక్కపోతే ఫ్యాక్టరీ పేరుతో, యూనియన్ పేరుతో వెతుకు. అందులో వాళ్లు రాసినదంతా నిజమనుకోకు. ఆ ఫైలు రుజువు చేసేది వాళ్లు ఎప్పటి నుంచి గమనిస్తున్నారన్నదే.

బతికొచ్చినవాళ్లను అడిగేటప్పుడు తొందర పనికిరాదు. వాళ్ల కళ్లకు గంతలుండేవి. చూసిందీ విన్నదీ వేరు వేరు కాలమ్‌లలో రాయి. ఫోటో ముందే చేతిలో పెట్టకు. మనిషి ఎలా ఉన్నాడో వాళ్ల నోటితో చెప్పించి ఆ తర్వాత పది ఫోటోల మధ్య కలిపి చూపించు. ఇద్దరూ మూడోవాడి నోట విన్నామంటే అది ఒక సాక్ష్యమే, రెండు కాదు.

ఇక శవాల సంగతి. గుర్తు తెలియని శవాలంటూ మునిసిపల్ శ్మశానాల్లో పాతిపెట్టినవి చాలా ఉన్నాయి. అవెల్యానేడా శ్మశానంలో సెక్టార్ 134 అలాంటిదే. 1984లో మొదలైన అర్జెంటీనా ఫోరెన్సిక్ బృందం అక్కడ తవ్వకాలు చేసింది. పాతిపెట్టే ముందు పోలీసులు అలవాటు కొద్దీ వేలిముద్రలు తీసిన సందర్భాలున్నాయి, వాటితోనే కొన్ని పేర్లు తేలాయి. మార్చురీ, శ్మశానం రిజిస్టర్లలో తేదీ, వయసు అంచనా, తూటా గాయాలు కలిపి చూడు. ఎదురుకాల్పులు అన్న మాట కనిపిస్తే ఆ రోజు ఆ చుట్టుపక్కల ఇంకెందరి శవాలు నమోదయ్యాయో లెక్కించు. దొరికిన ఎముకలతో డీఎన్‌ఏ పోల్చి చూడ్డానికి తీసే రక్తనమూనాలకు అమ్మానాన్నలు ఉంటే మేలు. లేకపోతే తోబుట్టువులు. తల్లి వైపు డీఎన్‌ఏ తల్లి నుంచే దిగుతుంది కాబట్టి మేనమామ, పినతల్లి కూడా పనికొస్తారు. కానీ ఆ సంగతి నువ్వు ఎత్తకు. ఎముకలు వద్దనే తల్లులూ ఉన్నారు, అది వాళ్ల హక్కు.

ఫైలులో మూడు తేదీలకే చోటుంచు: ఎత్తుకుపోయింది, చివరిసారి సజీవంగా కనిపించింది, అవశేషాలు దొరికింది. మరణించిన తేదీ అని గడి పెట్టావో, ఖాళీగా ఉండలేక ఎవరో ఒకరు నింపేస్తారు. 1994 నాటి 24,321వ చట్టం కూడా అతన్ని మృతుడనదు, బలవంతపు అదృశ్యం వల్ల లేనివాడంటుంది. నువ్వూ అలాగే రాయి. సంఖ్యల దగ్గర కూడా జాగ్రత్త. కమిషన్ జాబితాలో 8,960 పేర్లున్నాయి, అది అప్పటికి అందిన ఫిర్యాదుల జాబితా. హక్కుల సంఘాలు 30,000 అంటాయి. మొదటిదాన్ని చూపించి రెండోది అబద్ధమని వాదించేవాళ్లు నీకు తగులుతారు. వాళ్లతో గొడవకు దిగకుండా ఏ అంకె ఎక్కడిదో రాసి ఊరుకో.

అంతా అయ్యాక స్పానిష్‌లో ఒక ప్రతి తీసి, యూనివర్సిటీకి ఇచ్చే ముందు ఆ కుటుంబానికి పంపు. పక్కింటివాళ్ల పేర్లు కొట్టెయ్యమంటే కొట్టెయ్యి. వాళ్లు తిరిగి పంపిన దిద్దుబాట్లు వాళ్ల చేతిరాతతోనే ఫైలులో కుట్టు.

నీ
పెదనాన్న