చెట్టెక్కనివ్వండి, కానీ ముందు చెట్టును మీరు చూడండి

మీ ఏడేళ్ల బాబు పెరట్లో జామచెట్టు ఎక్కుతుంటే గుండె ఆగినంత పనవుతోంది, ఆపాలా వద్దా అని అడిగారు. మా అమ్మాయి విషయంలో నాకూ ఇదే టెన్షన్ ఉండేది. ఆపొద్దనే చెప్తానండి.

పిల్లల కంటికి కనిపించే ప్రమాదాన్ని వాళ్లకే వదిలేస్తాను, కనిపించనిదాన్ని నేను తీసేస్తాను. కొమ్మ ఎంత ఎత్తులో ఉందో పిల్లకు తెలుస్తుంది, భయం వేస్తే తనే దిగుతుంది. కానీ మునగ కొమ్మ పచ్చగా, లావుగా ఉండి కూడా పుటుక్కున విరుగుతుందని దానికేం తెలుసు? నేరేడూ అంతే. జామ కొమ్మ వంగుతుంది గానీ అంత తేలిగ్గా విరగదు. అందుకే మా ఇంట్లో జామ ఎక్కొచ్చు, మునగ ఎక్కకూడదు. ఎండుకొమ్మలు కొట్టించాం, చెట్టు కింద రాళ్లు, పాత రేకులు ఏరేశాం. ఎక్కేముందు చున్నీ, మెడలో తాళ్లు, సైకిల్ హెల్మెట్ తీసేయాలి. అవి కొమ్మల్లో ఇరుక్కుంటే మెడకు ఉరి పడుతుంది.

మీరు ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టకండి. తనంతట తాను ఎక్కగలిగినంతే ఎక్కాలి. కింద నుంచి "పడతావ్, పడతావ్" అని అరిస్తే వాడి చూపు కొమ్మ వదిలి మీ వైపు తిరుగుతుంది. "ఇప్పుడు కాలు ఎక్కడ పెడతావ్ నాన్నా?" అని అడగండి, వాడే ఆలోచించుకుంటాడు.

కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఇలాంటి ఆటలను ప్రోత్సహించమనే చెప్పింది. పిల్లలకు వీలైనంత రక్షణ కాదు, అవసరమైనంత రక్షణ ఇవ్వాలన్నది వాళ్ల మాట. మోకాళ్లు గీరుకుపోతాయి. ఎప్పుడైనా చెయ్యి విరగొచ్చు కూడా. అది తెలిసే నేను ఒప్పుకున్నాను.

బావి, చెరువు, కాలవ దగ్గర మాత్రం బేరాల్లేవు. ఈత వచ్చినా సరే, పెద్దవాళ్లు చేతికందేంత దగ్గర్లో ఉండాల్సిందే. మునిగే పిల్లలు చాలాసార్లు అరవను కూడా అరవలేరు. సంక్రాంతికి పిట్టగోడ లేని డాబా మీద గాలిపటాలు కూడా వద్దు. కళ్లు ఆకాశంలో ఉంటాయి, కాళ్లు వెనక్కి నడుస్తుంటాయి. కరెంటు తీగలు లేని మైదానానికి తీసుకెళ్లండి. చైనా మాంజా కొనివ్వకండి, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది.

పడినప్పుడు తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.